మూలన కూర్చునే కణాలు

సముద్రం పడని జాలరి కొడుకుని ఎక్కడైనా చూశారా? గంగులు అచ్చం అలాంటివాడు. కళింగపట్నానికి కాస్త అవతల, ఇసుక దిబ్బల వెనకున్న ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి, తాత, ఆ తాత తండ్రి అందరూ వేటకి పోయి బతికినవాళ్లే. వీడు మాత్రం తెప్ప కెరటం దాటేలోపే తిన్నదంతా కక్కేసేవాడు. నిమ్మకాయ వాసన చూపించారు, మొలకి తాయెత్తు కట్టారు, బొడ్డుకి ఆముదం రాశారు. కడుపు మాత్రం ఎవరి మాటా వినలేదు.

అదే తెప్ప మీద మేనమామ కొడుకు అప్పలసూరి నిలబడి పగలబడి నవ్వేవాడు. "ఒరే గంగా, నువ్వు సేపలు పట్టడానికి ఒచ్చినావా, ఆటికి మేతెయ్యడానికి ఒచ్చినావా?" అనేవాడు. ఈ అప్పలసూరే తర్వాత గంగులు అక్క ధనలక్ష్మిని చేసుకున్నాడు. వరసకి బావ అయినవాడు నిజం బావ అయ్యాక వేళాకోళానికి ఇక హద్దు లేకుండా పోయింది.

వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు తిన్నగా మాట్లాడుకున్న రోజు లేదు. ఒకసారి గంగులు గొంతు మార్చి ఫోన్ చేసి, తాను తీర రక్షణ వాళ్ల ఆఫీసరునని, పడవ కాగితాలు చూడ్డానికి వస్తున్నానని చెప్పాడు. అప్పలసూరి అనుమానపడి బామ్మర్దికే ఫోన్ చేస్తే, "అమ్మ తోడు, నాకేటీ తెల్దు" అని ఒట్టేశాడు. పాపం ఆ రోజంతా అప్పలసూరి జీడితోటలో దాక్కున్నాడు. దానికి బదులుగా, గంగులు ఇప్పుడు ఆస్పత్రిలో డాక్టరయ్యాడని అతను పల్లెంతా చాటింపేశాడు. గంగులు ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు మోకాళ్ల నొప్పులవాళ్లు, పిల్లల్నెత్తుకున్న తల్లులు బారులు తీరి ఉన్నారు. వాళ్లకి నచ్చజెప్పి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

డాక్టరు కాదు గానీ, ఆస్పత్రి లాంటి చోటే అతని ఉద్యోగం. శ్రీకాకుళంలో రక్త జబ్బుల మీద పరిశోధన చేసే చిన్న కేంద్రంలో అటెండరు. గాజు సామాను కడగడం, ఐసు తేవడం, కరెంటు పోతే జనరేటరు వేయడం, దూరం నుంచి వచ్చిన రోగులకి టీ పొయ్యడం అతని పనులు. వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకొకటుంది. అది అతని రక్తం చేసేది.

సంగతేమిటంటే, ఆ కేంద్రంలో ఒక పెద్ద యంత్రం ఉంది. ఫ్లో సైటోమీటర్ అంటారు. గంగులుకి అది పెద్ద మిషను. దాన్ని నడిపే అమ్మాయి యమున, విజయనగరం పిల్ల, నెమ్మదస్తురాలు. రోగి రక్తంలోంచి ఎర్రకణాల్ని తీసేసి, మిగిలినవాటికి ఒక రంగు కలిపి, ఒంటి వేడిలో కాసేపు ఉంచుతుంది. తర్వాత వాటిని సన్నటి ధారగా యంత్రంలోకి వదిలితే కణాలు ఒకదాని వెనక ఒకటి లేజరు వెలుగు ముందు నుంచి పోతాయి. రంగు పట్టినది మెరుస్తుంది. పోయిన ప్రతి కణానికీ కంప్యూటరు తెర మీద ఒక చుక్క పడుతుంది.

చాలా కణాలు రంగు పుచ్చుకుని బుద్ధిగా ఊరుకుంటాయి. కొన్ని మాత్రం మొండి పిల్లలు మందు కక్కినట్టు, లోపలికొచ్చిన రంగుని వచ్చినట్టే బయటికి గెంటేస్తాయి. అవి మూలకణాలు, లేదా వాటి గుణమున్నవి. మిగతా రక్తమంతా వాటి నుంచే పుడుతుంది. రక్త క్యాన్సర్ వచ్చినవాళ్లలో చెడ్డ మూలకణాలకీ ఇదే విద్య అబ్బుతుంది. రంగునే కాదు, మందుని కూడా గెంటేసి బతికిపోతాయి. జబ్బు తగ్గిందనుకున్న మనిషికి మళ్లీ తిరగబెట్టేది వాటి వల్లే. రంగు లేదు కాబట్టి అవి మెరవవు. తెర మీద ఎడమ వైపు కింది మూలన ఓ చిన్న గుంపుగా పడతాయి.

యమున "మూలకణాలు" అన్నప్పుడల్లా గంగులు తెర మూల వైపు చూసి తలూపేవాడు. మూలన కూర్చుంటాయి కాబట్టి మూలకణాలు. ఇందులో తెలియనిదేముంది? మూలమంటే మొదలు, వేరు అని ఆ పిల్ల చెప్పబోతే, "ఎందుకమ్మా ఆ సదువంతా, కళ్ల ముందర మూలనే కూకున్నాయి గదా" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. కక్కే గుణం ఉందన్నాక వాటి మీద గంగులుకి కాస్త సొంతవాళ్లన్న అభిమానం కూడా కలిగింది.

ఎవరి రక్తం పరీక్ష చేసినా, పక్కన ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా నడపాలి. మామూలు మనిషికి ఆ మూలన ఇన్ని చుక్కలుంటాయి అని దాన్నిబట్టి లెక్కేసుకుని, రోగిది అంతకన్నా ఎక్కువుందా, లేదా అని తేలుస్తారు. ఆ ఆరోగ్యవంతుడి రక్తాన్ని కంట్రోల్ అంటారు. అసలైతే నలుగురైదుగురి రక్తం మార్చి మార్చి వాడుకోవాలి. కానీ డ్రైవరుకి షుగరు, ఆడపిల్లలకి సూదంటే దడ, కేంద్రం నడిపే డాక్టరుగారికి తీరికుండదు. గంగులు మాత్రం పిలిస్తే చాలు, చొక్కా చెయ్యి పైకి మడిచి కుర్చీలో కూర్చునేవాడు. అలా ఒకసారి, రెండుసార్లు అయి, చివరికి అదే ఆనవాయితీ అయిపోయింది. మంచి యంత్రం కొనడానికి తెలివి పెడతారు గానీ, రోజూ చేసే పనిలో బద్ధకం ఎక్కడ దూరిందో చూసుకోవడానికి ఎవరికీ బుద్ధి పుట్టదు.

పల్లెకి వెళ్లినప్పుడల్లా గంగులు ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు. "జిల్లాలో ఎవుడి రకతమైనా నా రకతం పక్కన ఎట్టే సూస్తారు" అనేవాడు.

అప్పలసూరి ఊరుకుంటాడా? "కంట్రోలు రకతమేటిరా? కంట్రోలు బియ్యం లాగ ముక్కిపోనాదేటి?" అనేవాడు. పక్కనున్నవాళ్లు గొల్లున నవ్వేవారు.

అంతటి అప్పలసూరికి రక్త క్యాన్సర్ వచ్చింది. విశాఖలో వైద్యం మొదలుపెట్టి, తర్వాత శ్రీకాకుళం కేంద్రంలోనే చూపించుకున్నాడు. రోజూ ఒక మాత్ర. మాత్ర జబ్బుని అణిచింది, నిజమే. కానీ కళ్ల కింద వాపు వచ్చేది, పిక్కలు పట్టేసేవి. వల లాగలేక ఒడ్డున కూర్చుని, తన పడవ మీద వేరేవాళ్లు వేటకి పోతుంటే చూస్తూ ఉండేవాడు. నవ్వు కూడా తగ్గింది. కొన్నేళ్లకి మిగతా పరీక్షలన్నిటిలోనూ జబ్బు జాడ కనిపించలేదు. ఈ మూలకణాల పరీక్ష ఒక్కటీ బాగుంటే మాత్ర ఆపి చూద్దామన్నారు డాక్టరుగారు.

ఆ రోజు గంగులు చేతి నుంచి కంట్రోల్ రక్తం, అప్పలసూరి చేతి నుంచి రోగి రక్తం తీశారు. రెండింటిలోనూ మూలన చుక్కలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. యమున ఆ మాట చెప్పగానే గంగులు మెట్లు రెండేసి దిగి పరుగెత్తాడు.

"ఒరే బావా! నీ రకతం అచ్చం నా రకతంలాగే ఉన్నాదట!"

అప్పలసూరి రోడ్డు మీదే తువ్వాలు తిప్పుతూ గెంతులేశాడు. మాత్రలు ఆపేశారు. కళ్ల కింద వాపు తీసింది. మళ్లీ వేటకి పోవడం మొదలుపెట్టాడు. గంగులుకి తన రక్తం వల్ల బావ బాగుపడ్డంత సంబరం.

వానాకాలం దాటాక గంగులు పెళ్లాం వైపు పెళ్లికని పాతపట్నం వెళ్లాడు. ఆ రోజే పరీక్ష ఒకటి వచ్చిపడింది. కంట్రోల్ ఇవ్వడానికి గంగులు లేడు. యమున పళ్లు బిగించి తన చెయ్యే చాపింది. తెర మీద తన రక్తం చుక్కలు పడ్డాయి. మూల దాదాపు ఖాళీగా ఉంది.

ఆమె మళ్లీ లెక్క చూసుకుంది. మామూలు మనిషంటే గంగులే కదా. గంగులుకి ఉన్నన్ని తనకి లేవంటే, లోపం తనలోనే ఉందనుకుంది. రక్తం పుట్టించే కణాలే తక్కువైపోయాయా? ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఆ పిల్ల రెండు రోజులు అన్నం సయించక కుమిలిపోయింది.

గంగులు పెళ్లి నుంచి తిరిగొచ్చి, లడ్డూలు పంచుతూ సంగతి విన్నాడు. "దానికెందుకమ్మా ఏడుపు? నీ రకతం పల్సగున్నాది, అంతే. కూరగాయలు మానీసి నాలుగు రోజులు మెత్తళ్ల సేపలు తిను" అన్నాడు. నమ్మకం కుదరడానికి ఇద్దరి రక్తం పక్కపక్కనే నడపమని తనే చెయ్యి చాపాడు. డాక్టరుగారికి కూడా అనుమానం వచ్చింది. తన రక్తం తీయించారు, డ్రైవరుది తీయించారు, కింద మందుల షాపు కుర్రాడిని బతిమాలి పిలిపించారు.

గంగులు టీలు పట్టుకుని వచ్చేసరికి అందరూ తెర ముందు గుమిగూడి ఉన్నారు. తెర మీద బొమ్మలు వరసగా ఉన్నాయి. యమునది మూల ఖాళీ. డాక్టరుగారిదీ ఖాళీయే. డ్రైవరు, షాపు కుర్రాడు, అందరివీ అంతే. ఒక్క బొమ్మలో మాత్రం మూలన చుక్కలు గుంపుగా కూర్చున్నాయి. దాని మీద కంట్రోల్ అని రాసి ఉంది.

"ఏటమ్మా, మిషను పాడైపోనాదా?" అన్నాడు.

యమున అతని వైపు చూడలేకపోయింది. రంగు పాతదేమోనని కొత్త సీసా విప్పి మళ్లీ చేసింది. గొట్టాలు తారుమారయ్యాయేమోనని గంగులు రక్తం మళ్లీ తీసింది. అదే గుంపు. ఆ యంత్రానికి కణాల్ని వేరు చేసే విద్య కూడా ఉంది. కావలసిన కణమున్న నీటి చుక్కనల్లా పక్కకి తోసి వేరే గొట్టంలో పడేస్తుంది. గంగులు రక్తంలో మూలనున్నవాటిని అలా వేరు చేయించి, డాక్టరుగారు మైక్రోస్కోపు కింద పెట్టుకున్నారు. చాలాసేపు తలెత్తలేదు. ఎత్తాక టీ కప్పు కోసం చెయ్యి చాచి, గంగులుని చూసి ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"గంగులూ, కూర్చో" అన్నారు.

అన్నేళ్లలో ఆయన ఎదురుగా గంగులు ఎప్పుడూ కూర్చోలేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నీ రక్తంలో ఉండకూడని కణాలున్నాయి. ఎప్పటి నుంచో నెమ్మదిగా పెరుగుతున్నట్టున్నాయి. ఎముకలోని మజ్జ తీసి చూస్తే గానీ ఏ జబ్బో చెప్పలేను. ప్రతిసారీ నిన్నే మామూలనుకుని లెక్కలేశాం. తప్పు నీది కాదు, మాది. నాది."

గంగులుకి ఆ మాటలు వినిపించాయి గానీ లోపలికి దిగలేదు. ఒంట్లో నొప్పి లేదు, జ్వరం లేదు, నిన్న పెళ్లిలో కడుపునిండా తిన్నాడు. తన గురించి కాదన్నట్టు, ఎవరి గురించో అన్నట్టు విన్నాడు. ఇంతలో యమున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "సార్, అప్పలసూరిగారిది..." అని ఆగిపోయింది.

అప్పుడు దిగింది. కత్తి దిగినట్టు దిగింది.

పరీక్షలో పడిన చుక్కలన్నీ కంప్యూటరులో భద్రంగా ఉంటాయి. యమున అప్పలసూరి పాత బొమ్మ తెరిచి, ఈసారి దాని పక్కన మిగతా నలుగురి బొమ్మలూ పెట్టింది. చూడ్డానికి చదువు అక్కర్లేదు. బావ మూలన జబ్బు కణాలు అప్పుడే ఉన్నాయి. మాత్ర ఆపాల్సిన మనిషి కాడు. మిగతా రోగులెవరికీ మందు ఆపలేదు, వాళ్లని పిలిచి మళ్లీ చూస్తామన్నారు డాక్టరుగారు. ఆపింది ఈ ఒక్కడికే. ఆపించింది తన రక్తం, కబురు మోసింది తన నోరు.

"నేను ఫోన్ చేస్తాను" అన్నారు డాక్టరుగారు.

"ఒద్దు బాబూ, తెలీని నంబరైతే ఎత్తడు" అని గంగులు తనే చేశాడు. మాట పూర్తి కాకుండానే అవతల నుంచి నవ్వు వినిపించింది. "ఏటిరా, పెళ్లిలో తాగినది దిగలేదేటి? పెట్టెయ్యి, వల కట్టుకోవాల" అని అప్పలసూరి ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా తియ్యలేదు.

మర్నాడు తెల్లారాక, డాక్టరుగారు ఇచ్చిన మాత్రల అట్ట జేబులో పెట్టుకుని గంగులు బస్సెక్కాడు. ఆ రోజే మాత్ర మొదలుపెట్టాలి, సాయంత్రంలోగా మనిషిని తీసుకురావాలి. ఆలస్యమైతే జబ్బు ఈసారి మాత్రకి లొంగే దశ దాటిపోవచ్చన్నారు. గంగులుకి దారిలో ఏ ఊళ్లు వచ్చాయో, ఆటో ఎక్కడ మారాడో తెలియలేదు.

ఒడ్డుకి చేరేసరికి పడవలు వస్తున్నాయి. అప్పలసూరి నీళ్లలోకి దూకి తాడు లాగుతూ బామ్మర్దిని చూశాడు.

"సూడండ్రా, నేల మీద కూడా కక్కీసినట్టున్నాది ఈడి ముకం!"

వలలో చేపలు ఏరుతున్నవాళ్లు నవ్వారు. గంగులు తడి ఇసుకలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. పరీక్ష తప్పయింది, జబ్బు పోలేదు, మాత్ర మళ్లీ వేసుకోవాలి.

"మళ్లీ మొదలెట్టినాడు" అన్నాడు అప్పలసూరి. "ఏటి, ఈసారి తీర రక్షణ వాళ్లు రారేటి?"

"నిజం బావా. అమ్మ తోడు."

"ఆ రోజు కూడా అమ్మ తోడే అన్నావు గదరా!"

నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. గంగులు మాత్రల అట్ట తీసి చూపిస్తే, వేషం బాగా కట్టాడని మెచ్చుకున్నారు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, ఉల్లిపాయ రాసుకొచ్చాడేమో వాసన చూడమన్నాడు ఒకడు. నలభై ఏళ్ల వేళాకోళం అడ్డంగా నిలబడింది. బావ ప్రాణం కాపాడే మాట తన నోట్లోనే ఉంది, ఆ నోటిని నమ్మే మనిషి లేడు. అప్పలసూరి అప్పుడే వల భుజానేసుకుని వెళ్లిపోబోతున్నాడు.

గంగులు వెళ్లి అతని ముందు నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"బావగారూ, మీరు నా మాట ఇనండి. మీకు దండమెడతాను."

ఆ పల్లెలో మీరు అనే మాట ఆఫీసర్లకీ, డాక్టర్లకీ, తెగదెంపులు చేసుకున్నవాళ్లకీ వాడతారు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి ఒరే అన్నవాడు బావని మీరు అనడం ఎవరూ విని ఎరగరు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అప్పలసూరి భుజం మీది వల జారి కింద పడింది.

"ఏటన్నావు?"

"మీకు జబ్బు పోలేదండి. నానే తప్పు కబురు మోసీసినాను."

అప్పలసూరి ముఖంలో రక్తం ఇంకిపోయింది. బామ్మర్ది చొక్కా గుప్పిట పట్టుకుని, కొట్టడానికి చెయ్యెత్తాడు. గంగులు తప్పుకోలేదు. కొట్టినా బాగుండుననుకున్నాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఒరే, నాది నీ రకతంతోనే గదా పోల్చినారు. నాకు జబ్బుంటే, మరి నీకేటి?"

గంగులు ఆ ప్రశ్న నిన్నటి నుంచి తనని తాను అడగలేదు. ఇప్పుడు బావ నోట విన్నాక, మొదటిసారి ఒళ్లు జలదరించింది. ఇసుకలో చతికిలబడ్డాడు.

"నాకు కూడా ఎముకలోంచి తీసి సూడాలట" అన్నాడు.

వెనక గంప పడిన చప్పుడైంది. చేపలకని వచ్చిన ధనలక్ష్మి ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు. మొగుడి వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది.

"ఇద్దరికీనా?" అంది.

గంగులు తలూపాడు. ఆమె ఏడవలేదు. చరచరా పక్క గుడిసెలోకి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అప్పలసూరి వచ్చి ఇసుకలో గంగులు పక్కనే కూర్చుని, అట్ట చించి మాత్ర అరచేతిలో వేసుకున్నాడు. దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"మింగండి బావగారూ" అన్నాడు గంగులు. నాలుక ఇంకా ఒరేకి తిరిగి రాలేదు.

"నన్నలా అనకురా. సచ్చిపోయినట్టున్నాది. ఒరే అను. అనేదాకా మింగను."

గంగులు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ధనలక్ష్మి తమ్ముడి వీపు మీద చెయ్యేసింది.

"ఒరే సూరిగా, మింగరా" అన్నాడు ఎట్టకేలకి, వెక్కుతూ.

అప్పలసూరి మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. మిగిలిన నీళ్ల చెంబు గంగులు చేతిలో పెట్టి, "నీది ఎప్పుడు మొదలెడతార్రా?" అని అడిగాడు.